బొమ్మల సినిమానే కదా అని ఐదేళ్లవాడికి చూపించొచ్చా?

ప్రశ్న: మాకు తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. పాప క్లాసులో అందరూ ఒక స్టాప్ మోషన్ సినిమా (బొమ్మలను కొంచెం కొంచెం కదుపుతూ ఫొటోలు తీసి చేసేది) చూశారట. తనూ చూస్తానని కొన్నాళ్లుగా ఒకటే గొడవ. కథ మా అక్క కూతురు చెప్పింది. జ్వరంతో చనిపోయిన అన్నను వెతుక్కుంటూ ఒక పిల్లాడు, అన్న ఆటసామాన్లు దాచుకునే చెక్కపెట్టెలో దూరి మూత వేసుకుంటాడు. పెట్టె అడుగున ఇంకో లోకం. అక్కడ కళ్లు లేని బొమ్మలు, వాటిని సాకే ఒక ముసలావిడ. మొదట్లో వాడిని ఎంతో ప్రేమగా దగ్గరికి తీస్తుంది, తర్వాత ఆవిడ మొహం పగిలి లోపలి నుంచి ఇంకేదో బయటికొస్తుందట. చివరికి అన్న తిరిగి రాడు. ఓటీటీలో యూ/ఏ 7+ అని ఉంది. ట్రైలర్ చూస్తే నాకే గుండె గుభేలుమంది. మావారేమో "బొమ్మల సినిమానే కదా, ఇద్దరికీ పెట్టెయ్" అంటున్నారు. ఇంకో మాట. మా మామయ్యగారు పోయి ఐదు నెలలైంది. బాబు ఇప్పటికీ తాతయ్య ఎప్పుడొస్తాడని అడుగుతున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు తేల్చి చెప్పేస్తాం. పాపకు చూపించొచ్చు. అయితే మీరు ఒకసారి పూర్తిగా చూశాక, పక్కన కూర్చుని చూపించాలి. బాబుకు ఇప్పుడు వద్దు. సౌండు తగ్గించినా, ఒళ్లో కూర్చోబెట్టుకున్నా, "భయమేస్తే కళ్లు మూసుకో" అని చెప్పినా వద్దు. కళ్లు లేని బొమ్మలు, చీకటి ఒక కారణం. అంతకన్నా గట్టి కారణాలు రెండు మీ ఉత్తరంలోనే ఉన్నాయి: ఆ చెక్కపెట్టె, మీ మామయ్యగారి మరణం. వాటి గురించి కొంచెం వివరంగా రాస్తాం.

మీవారి మాట సంగతి ముందు చూద్దాం. బొమ్మలతో తీశారన్నంత మాత్రాన అది పిల్లల సినిమా అయిపోదు. 1988 ఏప్రిల్‌లో జపాన్‌లో జిబ్లీ స్టూడియో రెండు యానిమేషన్ సినిమాలను జంటగా విడుదల చేసింది. ఒకటి 'మై నైబర్ టొటోరో', చిన్నపిల్లలు హాయిగా చూసే సినిమా. రెండోది 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్', యుద్ధకాలంలో దిక్కులేనివాళ్లైన అన్నాచెల్లెళ్లు తిండికి మాడి చనిపోయే కథ. దాన్ని రెండోసారి చూడాలంటే పెద్దవాళ్లే జంకుతారు. రెండూ ఒకే స్టూడియోవి, రెండూ చేత్తో గీసినవే. బొమ్మల సినిమా అన్న ఒక్క ముక్కతో ఏది ఎవరికో తేల్చలేమని మీవారికి చెప్పడానికి ఈ జంట చాలు.

ఇక ఆ 7+ గుర్తు. థియేటర్‌కు వచ్చే సినిమాకు మన సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తుంది. ఓటీటీలో కనిపించే వయసు అంకె చాలాసార్లు ఆ ఓటీటీ సంస్థే 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం తనకు తాను వేసుకున్నది. రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఎవరు ఇచ్చారో ఒకసారి చూసుకోండి. సెన్సార్ బోర్డు ఇచ్చే యూ/ఏను 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టింది 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టానికి చేసిన సవరణ. అంతకు ముందు సర్టిఫికెట్ పొందిన సినిమాలకు ఒట్టి యూ/ఏ ఉంటుంది, దాన్నిబట్టి పెద్దగా తెలిసేదేమీ ఉండదు. అమెరికాలో తల్లిదండ్రులు చూసుకుని చూపించాలని ఇచ్చే పీజీ కూడా అంతే. పదమూడేళ్లలోపు వాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త అని చెప్పే పీజీ-13 అన్న తరగతి 1984లో వచ్చింది. అంతకు ముందు పీజీ పొందిన సినిమాల్లో ఇప్పుడైతే పై తరగతిలో పడేవి చాలానే ఉన్నాయి. బ్రిటన్‌లో 'వాటర్‌షిప్ డౌన్' అనే కుందేళ్ల కథకు 1978లో అందరూ చూడదగ్గ 'యూ' ఇచ్చారు. కుందేళ్లు ఒకదాన్నొకటి రక్తాలు కారేలా చీల్చుకునే ఆ సినిమాను పీజీకి మార్చడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. ఈలోగా ఎంతమంది పిల్లలు 'యూ' చూసి కూర్చుని హడలిపోయారో!

సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. హింస, రక్తం, బూతులు, మత్తు, నగ్నత్వం ఉన్నాయా, ఎంత ఉన్నాయి, ఎంత దగ్గర్నుంచి చూపించారు అన్నది వాళ్లు తూచగలరు. భయపెట్టే సన్నివేశాలనూ లెక్కలోకి తీసుకుంటారు. దుఃఖాన్ని మాత్రం తూచడం కష్టం. మీ ఇంట్లో ఐదు నెలల కింద ఏం జరిగిందో వాళ్లకు తెలిసే వీలే లేదు. పైగా యూ/ఏ 7+ అంటే ఏడేళ్లలోపు వాళ్లకు తల్లిదండ్రులు ఆలోచించి చూపించాలని అర్థం. బాబు విషయంలో నిర్ణయం మీదేనని ఆ గుర్తే చెబుతోంది.

ఐదేళ్లవాడికీ తొమ్మిదేళ్లదానికీ భయం పుట్టే చోటే వేరు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోయాన్ కాంటర్, ఆమె సహచరులు 1980లలో ఈ విషయం మీద వరసగా పరిశోధనలు చేశారు. వాటిలో తేలింది ఇది. ఏడేళ్లలోపు పిల్లలు ప్రధానంగా రూపాన్ని చూసి భయపడతారు. వికారంగా ఉన్నది ఎంత మంచిదైనా చెడ్డదే, అందంగా ఉన్నది ఏం చేసినా మంచిదే. కళ్ల ముందే ఒక మనిషి రూపం మారిపోతే ఇక చెప్పక్కర్లేదు. కాస్త పెద్ద పిల్లలు రూపం దాటి ఆలోచిస్తారు. ఆ మనిషి ఉద్దేశం ఏమిటి, ఇది నిజంగా జరుగుతుందా, మా ఇంట్లో జరిగితే ఎలా అన్నవి వాళ్ల భయాలు. మీ ఉత్తరంలోని ముసలావిడ సీన్ చూడండి. పాపకు అది "నమ్మించి మోసం చేసింది" అనే కథ. బాబుకు అది మొహం పగలడం. ఆ తర్వాత పది నిమిషాలు ఏం జరిగినా వాడి బుర్రలోకి వెళ్లదు, ఆ పగిలిన మొహమే ఉండిపోతుంది.

"చివర్లో అంతా బాగైపోతుంది కదా" అనే ధైర్యం కూడా చిన్నపిల్లల దగ్గర పనిచేయదు. ఇరవయ్యో నిమిషంలో చూసినదాన్ని తొంభయ్యో నిమిషంలో వచ్చే ముగింపుతో కలుపుకుని "ఓహో, అందుకన్నమాట" అనుకోవడం ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా సరిగా చేతకాదు. మనకు సినిమా ఒక దండ. ఐదేళ్లవాడికి విడివిడి పూసలు. అందులో ఒక పూస వాడి చేతిలో ఉండిపోతుంది, అది ఏదన్నది మన చేతుల్లో లేదు.

చీకటి సినిమాల్లో చీకటి ఒకే రకంగా ఉండదు. ఎముకల గూళ్లు, బూడిదరంగు ఊళ్లు, వంకర చెట్లు కేవలం అలంకారం. అలాంటి వాటిలో కొన్నిటికి పిల్లలు పగలబడి నవ్వుతారు. తరుముకొచ్చే సీన్లు, ఉన్నట్టుండి ఉలిక్కిపడేలా చేసేవి ఆ క్షణానికి గట్టివే గానీ అయిపోయాక అయిపోతాయి. అసలు చూడాల్సింది ప్రమాదం ఎవరి నుంచి వస్తోందన్నది. దూరపు రాక్షసుడి నుంచి వస్తే పిల్లాడు పరిగెత్తి అమ్మ దగ్గరికి వెళ్లొచ్చు. సాకే మనిషే, ఒళ్లో కూర్చోబెట్టుకునే మనిషే రాక్షసి అయితే ఎవరి దగ్గరికి వెళ్లాలి? మీరు చెప్పిన సినిమా సరిగ్గా ఈ కోవలోది. ఇలాంటివి చూసిన చిన్నపిల్లలు కొందరు రాత్రి అమ్మ మొహాన్ని తడిమి చూస్తారు, "నువ్వు నువ్వేనా?" అని అడుగుతారు. ఇందులో రక్తం చుక్క ఉండదు కాబట్టి 7+ రావడంలో వింత లేదు.

దీనికి విరుగుడు కూడా సినిమాలోనే వెతకాలి. కథలో పిల్లాడి పక్షాన నిలబడే పెద్దమనిషి గానీ, జంతువు గానీ, తోడుగా ఇంకో పిల్లాడు గానీ మొదటి నుంచీ ఉన్నారా? మధ్యలో నవ్వుకునే చోట్లు ఉన్నాయా? ఆపద వచ్చినప్పుడు పిల్లాడు సొంతంగా ఏదైనా చేయగలుగుతున్నాడా, లేక ఊరికే పడుంటున్నాడా? తోడు, నవ్వు, చేతనైన పని, ఈ మూడూ ఉంటే చాలా చీకటిని తొమ్మిదేళ్ల పిల్ల తట్టుకుంటుంది. మూడూ లేకపోతే బొమ్మలు ఎంత ముద్దుగా ఉన్నా పక్కన పెట్టండి.

ఇప్పుడు పెట్టె సంగతి. సినిమాలో భయపెట్టే చోట్ల కోసం వెతుకుతూ పెద్దవాళ్లు తరచూ వదిలేసేది ఇదే: పిల్లలు అనుకరించగల పని. మొహం పగలడాన్ని ఎవరూ అనుకరించలేరు. పెట్టెలో దూరి మూత వేసుకోవడం ఏ ఐదేళ్లవాడైనా చేయగలడు. అందులోనూ ఆ పెట్టె అడుగున చనిపోయినవాళ్లుండే లోకం ఉందని సినిమా చెబుతోంది, మీవాడు చనిపోయిన తాతయ్య కోసం ఎదురుచూస్తున్నాడు. ఈ రెండూ కలవకూడదు. మూత బిగుసుకునే పెట్టెల్లో, పాత ఫ్రిజ్‌లలో, ముందు తలుపున్న వాషింగ్ మెషిన్లలో పిల్లలు ఇరుక్కుంటే ఊపిరాడకపోవడానికి ఎక్కువసేపు పట్టదు, లోపలి అరుపులు బయటికి సరిగా వినపడవు. సినిమా బాబు చూడకపోయినా అక్క నోటి నుంచి కథ వింటాడు. అందుకని ఇంట్లో బయటి నుంచి గడియ పడే పెట్టెలుంటే గడియ తీసేయండి లేదా తాళం వేసి పెట్టండి, మూత దానంతటదే పడిపోకుండా ఆపే పట్టీ బిగించండి. పాపకు కూడా ఈ విషయం విడిగా, సూటిగా చెప్పాలి: "సినిమాలో పెట్టె కింద కన్నం పెట్టి తీశారు. నిజం పెట్టె మూత పడితే ఊపిరాడదు. తమ్ముడితో ఈ ఆట ఆడొద్దు." ఏ సినిమాకైనా ఈ కన్నుతో ఒకసారి చూడండి. మెడకు చుట్టుకునే తాళ్లు, ఎత్తు నుంచి దూకి ఎగిరిపోవడం, నీళ్లలోకి నడిచి వెళ్లడం, నిప్పుతో మంత్రాలు కనిపిస్తే సినిమా ఎంత సరదాదైనా రాసి పెట్టుకోండి.

మామయ్యగారి విషయానికొస్తే, చావు గురించి పిల్లలకు ఒక్కసారిగా అర్థమైపోదు. పోయినవాళ్లు తిరిగి రారనేది, వాళ్లకు ఇక ఆకలి, చలి, నొప్పి ఏవీ ఉండవనేది, ప్రాణమున్న ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు పోతుందనేది విడివిడిగా, ఎక్కువమందికి ఐదు నుంచి ఏడేళ్ల మధ్యలో, కొందరికి ఇంకా ఆలస్యంగా అర్థమవుతాయి. మీ బాబు "ఎప్పుడొస్తాడు" అంటున్నాడంటే వాడికింకా మొదటిది కుదురుకోలేదు. అది వాడి వయసుకు మామూలే, కంగారు పడక్కర్లేదు. అయితే ఇంట్లో ఎవరైనా "తాతయ్య నిద్రపోయాడు", "దూరం ఊరెళ్లాడు" అని చెప్పి ఉంటే దాన్ని సరిదిద్దండి. నిద్రపోయినవాళ్లు లేస్తారు, ఊరెళ్లినవాళ్లు వస్తారు. "తాతయ్య చనిపోయాడు. ఆయన శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఇక రాడు. మనం తలుచుకోవచ్చు, ఫొటోలు చూసుకోవచ్చు" అని ఇంతే చెప్పండి, అడిగినప్పుడల్లా అదే మాట అదే గొంతుతో చెప్పండి. ఇది స్థిరపడకముందే, పోయినవాళ్లను వెతుక్కుంటూ వెళ్లొచ్చని చెప్పే సినిమా చూపిస్తే వాడిది మళ్లీ మొదటికొస్తుంది.

పాప లెక్క వేరు. తొమ్మిదేళ్లకు ఇవన్నీ చాలావరకు తెలుసు. అన్న తిరిగి రాకపోవడం ఈ సినిమాకున్న మంచి గుణమని మా అభిప్రాయం. పోయినవాళ్లు ఆఖరి సీన్‌లో నవ్వుతూ లేచి కూర్చునే సినిమాలు చూడటానికి తేలిక, ఇంట్లో చావు చూసిన పిల్లలకు మాత్రం అవే చేదు: "మరి మా తాతయ్యనెందుకు ఎవరూ తీసుకురాలేదు?" అయితే పాప ఇప్పుడు తాతయ్య మాటెత్తితే లేచి వెళ్లిపోతోందా, ఆయన గదిలోకి అడుగుపెట్టడం మానేసిందా, లేక మీతో మాట్లాడుతోందా, ఏడుస్తోందా, నవ్వుతూ గుర్తు చేసుకుంటోందా? మొదటి రకమైతే ఇంకొన్ని నెలలు ఆగండి. రెండో రకమైతే ఫర్వాలేదు.

మీరు ముందు చూడటమెలాగో చెబుతాం. మొదటిసారి ఆపకుండా, మామూలు సౌండుతో, ఎలా వస్తే అలా చూసేయండి. మీకే భయమేసిన చోట్లు ఎలాగూ గుర్తుంటాయి. తర్వాత ఒక కాగితం తీసుకుని ఆ చోట్లకు మాత్రమే తిరిగి వెళ్లి ఎన్నో నిమిషంలో మొదలైంది, ఏం కనిపించింది, ఏం వినిపించింది, ఆపదలో ఎవరున్నారు, ఎన్నో నిమిషంలో ఊరట వచ్చింది అని రాయండి. ఆఖరిదే ముఖ్యం. అర నిమిషంలో తేలిపోయే భయం వేరు, ఆరు నిమిషాలు సాగదీసే భయం వేరు. వరసగా రెండు మూడు సీన్లలో ఊరట రాకుండా ఒకదాని మీద ఒకటి పడుతుంటే తొమ్మిదేళ్లవాళ్లు కూడా అలసిపోతారు. అలాంటి చోట సినిమా ఆపి కాసేపు తిరిగొచ్చేలా ముందే ఒక విరామం అనుకోండి.

మొత్తం చూసే తీరిక లేకపోతే మూడు ముక్కలైనా చూడండి. మొదటి పావుగంట, చివరి పావుగంట, ఇంకా సినిమాలో ముప్పావు వంతు దాటే చోటు. నూట రెండు నిమిషాల సినిమా అనుకుంటే డెబ్బయ్యో నిమిషం నుంచి ఎనభై అయిదు దాకా. అంతా పోయిందనిపించే ఘట్టాన్ని కథ రాసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే పెడతారు. ట్రైలర్‌ను మాత్రం నమ్మొద్దు. భయాన్నే అమ్ముకోవాలనుకున్న ట్రైలర్ సినిమాలోని ఉలికిపాట్లన్నీ రెండు నిమిషాల్లో కుక్కుతుంది, పిల్లల గుంపును రప్పించాలనుకున్నది నవ్వులనే ఏరి పెడుతుంది.

ఇంకో చిట్కా. బాగా భయపెట్టే సీన్ ఒకదాన్ని సౌండు తీసేసి చూడండి. అప్పుడు మామూలుగా అనిపిస్తే ఆ భయం సంగీతంలో ఉందన్నమాట, సౌండు తగ్గిస్తే చాలావరకు పోతుంది. సౌండు లేకుండా కూడా ఒళ్లు జలదరిస్తే భయం బొమ్మలోనే ఉంది, దాన్ని తగ్గించే మీట రిమోట్‌లో లేదు. కళ్లు మూసుకోమంటే పనికిరానిది కూడా ఇందుకే: చూపు ఆగుతుంది, చప్పుడు ఆగదు, కనిపించనిదాన్ని పిల్లల ఊహ ఇంకా పెద్దది చేస్తుంది.

ఇతర తల్లిదండ్రులను అడిగేటప్పుడు "ఎలా ఉంది సినిమా?" అనకండి. "బాగుంది, కొంచెం డార్క్" అన్న జవాబు ఎందుకూ పనికిరాదు. "మీవాడు ఏ సీన్ దగ్గర మీ దగ్గరికి జరిగాడు? ఆ రాత్రి ఒక్కడే పడుకున్నాడా? మర్నాడు ఏ బొమ్మ గురించి మాట్లాడాడు?" అని అడగండి. క్లాసులో అందరూ చూశారన్న మాటను కూడా కొంచెం తగ్గించి వినండి. ఇద్దరు ముగ్గురు ఫోన్‌లో కాసేపు చూసి మిగతావాళ్లకు చెప్పి ఉంటారు, అది "అందరూ" అయిపోయి ఇంటికొస్తుంది.

చూసే రోజుకు వద్దాం. పొద్దున్నో మధ్యాహ్నమో పెట్టండి. సినిమాకూ నిద్రకూ మధ్య కనీసం నాలుగైదు గంటలు, మధ్యలో ఆటో పనో ఏదైనా ఉండాలి. ఇంట్లోనే నయం. థియేటర్‌లో తెర పెద్దది, సౌండు మన చేతిలో ఉండదు, లేచి వెళ్లాలంటే అందరినీ దాటుకుని వెళ్లాలని పిల్లలు మొహమాటపడి బిగదీసుకుని కూర్చుంటారు.

చీకటి సీన్లు సరిగా కనిపించట్లేదని గదిలో లైట్లన్నీ ఆర్పేస్తుంటారు. అలా చెయ్యొద్దు. టీవీ వెనకో పక్కనో ఒక దీపం వెలుగుతుండనివ్వండి, కనిపించకపోతే టీవీ బ్రైట్‌నెస్ పెంచండి. సౌండుతో కూడా ఒక చిక్కుంది. సినిమాల్లో గుసగుసలకూ పెళపెళలకూ మధ్య తేడా చాలా ఎక్కువ. గుసగుస వినపడట్లేదని సౌండు పెంచుతాం, మరుక్షణం తలుపు ధడేలుమంటుంది, అందరూ ఎగిరిపడతారు. చాలా టీవీల్లో, సౌండ్‌బార్లలో 'నైట్ మోడ్' అని ఉంటుంది, అది ఆ తేడాను కుదిస్తుంది. దాన్ని పెట్టి, సబ్‌టైటిల్స్ కూడా పెట్టుకుంటే సౌండు పెంచాల్సిన పనే ఉండదు. లైటు వెలిగించే ఉంచమనడానికి ఇంకో కారణం మెరుపులు. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం రంగులు సెకనుకు పన్నెండు సార్ల దాకా మిణుకుమనడంతో ఆరువందలకు పైగా పిల్లలను ఆసుపత్రులకు తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాత ప్రసారాలకు నిబంధనలు వచ్చాయి. అయినా మీ ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ ఉంటే ఉరుములు, మెరుపులు ఎక్కువున్న సినిమాను ఎట్టి పరిస్థితుల్లోనూ చీకటి గదిలో చూపించొద్దు, తెరకు దూరంగా కూర్చోబెట్టండి.

మొదలుపెట్టే ముందు పాపకు ఒక్క నిజం చెప్పండి: "ఇందులో అన్న చనిపోయాడు, చివరిదాకా తిరిగి రాడు. మనకు తాతయ్య గుర్తుకు రావచ్చు. వస్తే ఆపి మాట్లాడుకుందాం." అది తెలియడం వల్ల కథ చెడిపోదు. భయపెట్టే సీన్ల గురించి మాత్రం ముందే ఊరించకండి. "ఇప్పుడొస్తుంది చూడు" అంటే చాలు, భయం రెట్టింపవుతుంది. రిమోట్ పాప చేతికే ఇవ్వండి. ఆపే అధికారం తనదని తెలిసిన పిల్లలు చాలామంది ఆపనే ఆపరు.

చూస్తున్నప్పుడు మీ కళ్లు తెర మీద కన్నా పాప మీద ఎక్కువ ఉండాలి. మీవైపు చూసి నవ్వడం, మీ చెయ్యి పట్టుకోవడం, "అమ్మో" అంటూనే ముందుకు వంగి చూడటం సరదా భయానికి గుర్తులు. అసలు భయం అరవదు. రెప్ప వేయకుండా బిగుసుకుపోవడం, మాటలు ఆగిపోవడం, గౌను అంచు మెలిపెట్టడం, మాటిమాటికీ బాత్రూమ్‌కని లేవడం, ఇంకెంతసేపుందని అడగడం, నవ్వు రాని చోట నవ్వడం కనిపిస్తే ఆపండి. "ఆపెయ్యనా?" అని అడిగితే మాత్రం పరువు కోసం వద్దంటుంది. "నాకు కాళ్లు పట్టేశాయి, ఒక ఐదు నిమిషాలు" అని మీ మీద వేసుకుని ఆపండి.

ఇక పూర్తిగా మానేయాల్సి వస్తే ఎక్కడ ఆపుతున్నామో చూసుకోవాలి. ఏడెనిమిదేళ్లు దాటినవాళ్లకు ముసలావిడ మొహం పగిలిన చోట ఆపేస్తే ఆవిడ బుర్రలో బతికే ఉంటుంది. ముందుకు జరిపి ఆవిడ పని ఎలా ముగిసిందో చూపించి ఆపండి. చిన్నవాళ్ల విషయంలో ఇది వర్తించదు. వాళ్లకైతే ఎక్కడున్నా సరే ఆపేసి, ఎత్తుకుని, గది మార్చి, చేతికి ఏదో ఒక పని ఇవ్వాలి. "అది నిజం కాదమ్మా" అన్న ముక్క ఐదేళ్లవాడి మీద ఏమంత పనిచేయదు. ఒళ్లో పెట్టుకోవడం, ఇష్టమైన బొమ్మ, వెలుతురున్న గది పనిచేస్తాయి. తొమ్మిదేళ్లదానికి మాటలు పనిచేస్తాయి. స్టాప్ మోషన్ కావడం ఇక్కడ మీకు కలిసొస్తుంది. ఆ బొమ్మల లోపల లోహపు కీళ్లుంటాయి, మొహాలు విడిగా చేసి ఒకదాని తర్వాత ఒకటి తగిలిస్తారు, ఒక్కో కదలికకు ఒక్కో ఫొటో తీస్తారు, తెర మీద సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు నడుస్తాయి, రోజంతా కష్టపడితే వచ్చేది కొన్ని సెకన్లే. ఈ పని చూపించే వీడియో ఒకటి సినిమా అయ్యాక పాపకు చూపించండి. పగిలిన మొహాన్ని స్క్రూడ్రైవర్‌తో విప్పడం చూశాక దాని మీద జాలి కూడా కలుగుతుంది.

భయం చూస్తున్నప్పుడు కన్నా లైటు ఆర్పాక బయటపడుతుంది. "భయమేసిందా?" అని అడిగితే లేదనే చెబుతుంది. "నీకు బాగా గుర్తున్న బొమ్మ ఏది? గీసి చూపిస్తావా?" అనండి. కొన్నాళ్లు గదిలో చిన్న లైటు పెట్టడం, తలుపు తెరిచి ఉంచడం తప్పేం కాదు. పీడకల ఎక్కువగా తెల్లవారుజాము వైపు వస్తుంది, పిల్లలు పూర్తిగా లేస్తారు, ఏం వచ్చిందో చెబుతారు, దగ్గరికి తీసుకుంటే ఊరుకుంటారు. నిద్ర పట్టిన రెండు మూడు గంటల్లోపే కళ్లు తెరిచి కేకలు పెడుతూ, మిమ్మల్ని గుర్తుపట్టకుండా, పొద్దున్నకు ఏమీ గుర్తులేకపోతే అది వేరే సంగతి. కుదిపి లేపొద్దు, కిందపడకుండా చూసుకుంటే దానంతటదే తగ్గుతుంది. భయం రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైతే, బడికి గానీ బాత్రూమ్‌కు గానీ ఒంటరిగా వెళ్లనంటే పిల్లల డాక్టరుకు చూపించండి. పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి పంపాలో లేదో వాళ్లు చెబుతారు.

చివరగా, పాప చూస్తున్న రెండు గంటలూ బాబు పక్కగదిలో ఉంటే కుదరదు. గోడ అవతలి నుంచి వచ్చే ఏడుపులు, కేకలు బొమ్మ లేని భయాలు, వాటికి వాడు సొంత బొమ్మలు వేసుకుంటాడు. మీవారు వాడిని బయటికి తీసుకెళ్లాలి, తిరిగొచ్చేసరికి టీవీ ఆగిపోయి ఉండాలి. "నువ్వు చిన్నవాడివి కాబట్టి నీకు లేదు" అంటే దాని మీదే పడతాడు. "అది అక్క సినిమా, ఇది మన షికారు" అంటే సరి. పాపతో కూడా ఒక ఒప్పందం చేసుకోండి: తమ్ముడికి పేరు చెప్పొచ్చు, పాట ఉంటే పాడొచ్చు, పెట్టె గురించీ ముసలావిడ గురించీ మీతో మాత్రమే మాట్లాడాలి. వచ్చే ఏడాది చూపిస్తామని బాబుకు మాటివ్వకండి. తాతయ్య ఇక రాడని వాడంతట వాడే ఎవరికైనా చెప్పడం మీరు వింటే, వికారంగా ఉన్న బొమ్మ కూడా మంచిదై ఉండొచ్చని కథల్లో పట్టుకోగలిగితే, అప్పుడు ఈ సినిమా మాట ఎత్తొచ్చు. అది ఏడో ఏట కావచ్చు, పదో ఏట కావచ్చు.